సముద్రం ఒడ్డు వాళ్ళం, మంచు కొండకు ఏం వేసుకుని వెళ్ళాలి?

కావలి_శ్రీను
డిసెంబరు ఆఖరి వారంలో మేము నలుగురం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కింగుకు వెళ్తున్నాము. శిఖరం ఎత్తు 3,810 మీటర్లు. నిర్వాహకులు పంపిన సామాను జాబితా పట్టుకుని చెన్నైలో ఒక పెద్ద దుకాణానికి వెళ్తే, అక్కడి కుర్రాడు ఒక్కొక్కటీ బుట్టలో వేసుకుంటూ పోయి మనిషికి నలభై వేలు దాటించాడు. బుట్టను అక్కడే వదిలి వచ్చేశాము.

ఇంట్లో ఉన్నవి ఇవి: ఒక తోలు జాకెట్టు, రెండు ఉన్ని స్వెట్టర్లు, రెండు జీన్సు ప్యాంట్లు, ఒక జత కాటన్ థర్మల్స్, బండి మీద వేసుకునే రెయిన్‌కోటు, మా అన్నయ్య ఎప్పుడో కొని అటక మీద పెట్టిన ట్రెక్కింగు బూట్లు. వీటితో సరిపెట్టుకోవచ్చా, లేక నిజంగానే అన్నీ కొనాలా? జనవరిలో తెల్లవారుజామున ఫ్యాను ఒక నంబరు తగ్గించడమే మేము ఎరిగిన చలికాలం. అందుకే అడుగుతున్నాను.

పొదలకూరు_నిమ్మ
తోలు జాకెట్టుతో ఫొటోలు బాగా వస్తాయి. మిగతాది దేవుడు చూసుకోవాలి.

పెన్నాతీరం
ముందు లెక్క చూద్దాము. వెయ్యి మీటర్లు ఎక్కేకొద్దీ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మీరు నడక మొదలుపెట్టే సాంక్రి గ్రామమే 1,900 మీటర్లకు పైన ఉంది. అక్కడి నుంచి శిఖరానికి చేరేసరికి మరో పన్నెండు డిగ్రీలు పడిపోతాయి. శిఖరానికి బయలుదేరేది తెల్లవారుజామున రెండు మూడు గంటల వేళ కాబట్టి, అప్పుడు సున్నాకు పది డిగ్రీల దిగువన ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. దానికి గాలి తోడవుతుంది. మైనస్ 5 డిగ్రీలలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి మైనస్ 13 ఉన్నట్లే తగులుతుంది.

ఇంత చలిలోనూ మనవాళ్ళను ముందుగా దెబ్బతీసేది చెమట. చలి అన్న భయంతో ఉన్నవన్నీ ఒకేసారి తొడుక్కుని నడక మొదలుపెడతారు. అరగంటలో లోపలి బనియను తడిసిపోతుంది. విశ్రాంతి కోసం ఆగిన రెండు నిమిషాలకు ఆ తడి చల్లబడి వెన్ను వణకడం మొదలవుతుంది. నూలు బట్ట చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది, ఆరడానికి గంటలు పడుతుంది. కాబట్టి జీన్సు, కాటన్ బనియన్లు, కాటన్ థర్మల్స్, కాటన్ మేజోళ్ళు ఇంట్లోనే వదిలిపెట్టండి.

ఒంటికి తగిలే బట్ట పాలిస్టరుదో మెరినో ఉన్నిదో అయి ఉండాలి. దాని మీద ఒక ఫ్లీసు, అంటే నూగులాంటి మెత్తటి పాలిస్టరు జాకెట్టు. ఆగినప్పుడు, రాత్రి శిబిరంలో, శిఖరం రోజున వేసుకోవడానికి పక్షుల మెత్తటి ఈకలు నింపిన డౌన్ జాకెట్టో సింథటిక్ దూది నింపిన జాకెట్టో కావాలి. అన్నిటికీ పైన గాలిని, తడిని ఆపే పలుచటి జాకెట్టు. ఈ నాలుగింటినీ నడిచేటప్పుడు తీస్తూ వేస్తూ ఉండాలి. ఒక్క మందపాటి కోటుతో ఆ పని జరగదు.

ఒంగోలు_గిత్త
మీరంతా అనవసరంగా భయపెడుతున్నారు. మా పెద్దమ్మ నేత చీర, శాలువ, మంకీ టోపీలతో కేదార్‌నాథ్ నడిచి వెళ్ళి నడిచి వచ్చింది. అది 3,583 మీటర్ల ఎత్తు. ఆమెకు ఫ్లీసు అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు.

పెన్నాతీరం
గిత్త గారూ, పెద్దమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆమె వెళ్ళింది గుడి తెరిచి ఉండే నెలల్లో, పడుకున్నది గదిలో, రగ్గుల కింద. శ్రీను గారు వెళ్తున్నది డిసెంబరులో, పడుకునేది మంచు మీద వేసిన గుడారంలో. ఆ నెలలో కేదారనాథుడే కొండ దిగి ఊఖీమఠ్‌కు వచ్చేస్తాడు.

ఒంగోలు_గిత్త
దేవుడే దిగివచ్చే కాలంలో వీళ్ళు ఎందుకు ఎక్కుతున్నారో ముందు అది చెప్పండి.

ఐస్_రూమ్_డ్యూటీ
పెన్నాతీరం గారు చెమట గురించి రాసింది నేను ప్రతిరోజూ చూస్తున్నదే. రొయ్యల ఫ్యాక్టరీలో కోల్డ్ స్టోరేజీ డ్యూటీ నాది. స్టోరేజీలో మైనస్ 18కి దిగువన, సరుకును త్వరగా గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజరులో మైనస్ 35 దాకా ఉంటుంది. అట్టపెట్టెలు మోసే కుర్రాళ్ళకూ, పక్కన నిలబడి లెక్క రాసుకునే మనిషికీ ఒకే రకం ఫ్రీజర్ సూటు ఇస్తారు. మోసేవాళ్ళు పది నిమిషాలకే మెడ దగ్గర జిప్పు కిందికి లాగుతారు. లెక్క రాసేవాడు మాత్రం జిప్పు గొంతుదాకా బిగించుకుని కాళ్ళు మార్చి మార్చి నిలబడతాడు. అదే మోసే కుర్రాడు లోడు అయిపోయాక తడిసిన బనియనుతో లోపలే నిలబడితే, లెక్కలవాడికంటే ముందు వాడికే పళ్ళు కొట్టుకుంటాయి. అందుకే పని ఆగగానే వాళ్ళను బయటికి పంపించేస్తాము. కొండ మీద బయటికి పంపే తలుపు ఉండదు కాబట్టి, ఆగబోయే ముందే జాకెట్టు వేసుకోవాలి, నడక మొదలుపెట్టబోయే ముందే తీసేయాలి. మొదటి ఐదు నిమిషాలు కొంచెం చలిగా ఉంటే బట్టలు సరిగ్గా వేసుకున్నట్లే లెక్క.

ఇంకొక మాట. ఫ్రీజర్ సూటు దొరుకుతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే తీసుకోకండి. అది బరువు, మడిస్తే బ్యాగులో సగం నిండుతుంది, పైగా కోల్డ్ స్టోరేజీలో కొండ మీద వీచే గాలి ఉండదు.

పొదలకూరు_నిమ్మ
సూటుకు రొయ్యల వాసన కూడా ఉంటుంది. గుడారం మొత్తం శ్రీను గారి ఒక్కరికే వదిలేస్తారు.

ఉదయగిరి_మాస్టారు
అందరూ జాకెట్ల చుట్టూ తిరుగుతున్నారు, అటక మీది బూట్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ జాబితాలో నాకు అన్నిటికంటే భయం కలిగించింది అదే. చాలా ట్రెక్కింగు బూట్లలో, నేలను తాకే రబ్బరుకూ పైన ఉన్న తోలుకూ మధ్య పాలియురెథేన్ పొర ఒకటి ఉంటుంది. గాలిలోని తేమతో అది మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. బూట్లు ఒక్కసారి కూడా వేసుకోకపోయినా ఈ మార్పు ఆగదు. మన కోస్తా ఉక్కలో, అందులోనూ అటక మీది వేడిలో, మరింత త్వరగా జరుగుతుంది. పైకి బూటు కొత్తదిలాగానే మెరుస్తూ ఉంటుంది.

నాతో బెంగాల్, నేపాల్ సరిహద్దులోని సందక్‌ఫూ కొండకు వచ్చిన ఒక సహోద్యోగి ఇలాంటి బూట్లే తెచ్చారు. రెండవ రోజు మధ్యాహ్నం దిగుడులో కుడి బూటు అడుగుభాగం మడమ దగ్గర నోరు తెరిచింది. వేలు పెట్టి చూస్తే లోపలి పొర పాత పరుపులోని స్పాంజిలాగా పొడిపొడిగా రాలింది. సాయంత్రానికి ఎడమదీ అంతే అయింది. గుడారం తాడుతో పాదం చుట్టూ కట్టుకుని, ప్రతి అరగంటకూ ఆగి బిగించుకుంటూ దిగారు. అక్కడ మంచు లేదు కాబట్టి సరిపోయింది.

శ్రీను, నువ్వు ఆ బూట్లను దించి, పక్క నుంచి మధ్యపొరను బొటనవేలితో గట్టిగా నొక్కు. పగుళ్ళు కనిపించినా, గోటికి పొడి అంటినా వాటిని ఇక మరచిపో. బాగానే ఉన్నాయనిపించినా, బరువు వేసుకుని మన ఉదయగిరి దుర్గం ఎక్కి దిగకుండా మంచు మీదికి తీసుకువెళ్ళవద్దు. దుర్గం మూడు వేల అడుగులకు పైన ఉంటుంది, బూట్లకూ మోకాళ్ళకూ చక్కని పరీక్ష.

గిద్దలూరు_ఘాట్
మాస్టారూ, 1514లో ఆ దుర్గం పట్టడానికి కృష్ణదేవరాయలకే సంవత్సరం పైగా ముట్టడి పట్టింది. శ్రీను గారికి అంత సెలవు ఉన్నట్లు లేదు.

ఉదయగిరి_మాస్టారు
రాయలను గజపతుల సైన్యం అడ్డుకుంది. శ్రీనును అడ్డుకునేది ఉదయం ఏడు గంటలకు లేవలేకపోవడం ఒక్కటే.

కావలి_శ్రీను
మాస్టారూ, అటక దించాను. ఎడమ బూటు మడమ దగ్గర నొక్కితే సన్నటి గీత పడింది, గోటికి బూడిద రంగు పొడి అంటింది. కొత్తవే కొంటాను. సైజు ఎలా చూడాలి? నాకు మామూలుగా ఎనిమిది.

ఉదయగిరి_మాస్టారు
సాయంత్రం పూట వెళ్ళి చూడు, రోజంతా నడిచాక పాదం కొంత ఉబ్బి ఉంటుంది. కొండ మీద వేసుకోబోయే మేజోళ్ళనే తొడుక్కుని వెళ్ళు. లేసు కట్టక ముందు పాదాన్ని ముందుకు జరిపితే, మడమ వెనుక ఒక వేలు పట్టే సందు ఉండాలి. తరువాత లేసు బిగించి ఏటవాలు పలక మీద కిందికి చూస్తూ నిలబడు. వేళ్ళు ముందు గోడకు తగిలితే అర సైజు పెంచు. దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడేది ఇందువల్లే. చీలమండను కప్పే ఎత్తు, తడి లోపలికి రాని పొర ఉన్నవి తీసుకో. వారాల ముందే కొని, ఇంటి నుంచి ఆఫీసుకు కూడా వాటితోనే వెళ్ళు.

మేజోళ్ళు చలికని మూడు జతలు ఒకదానిపై ఒకటి తొడగవద్దు. బూటు బిగుసుకుపోతే పాదానికి రక్తం సరిగ్గా అందదు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పలుచటిది ఒకటి, దాని మీద ఉన్ని కలిసిన మందపాటిది ఒకటి చాలు.

మైపాడు_అల
మా బృందంలో ఆడవాళ్ళమే ఎక్కువ కాబట్టి కొన్ని సంగతులు చేర్చుతున్నాను. స్లీపింగ్ బ్యాగు మీద సాధారణంగా రెండు మూడు ఉష్ణోగ్రతలు ముద్రిస్తారు. అందులో కంఫర్ట్ అన్న అంకె ప్రామాణిక స్త్రీ శరీరాన్ని, లిమిట్ అన్నది ప్రామాణిక పురుష శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని కొలిచినవి. ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం నిలవడానికి సంబంధించిన అంకె, నిద్రకు సంబంధించినది కాదు. దుకాణంలో మాత్రం ఆ మూడవదాన్నే పెద్దగా చెప్పి అమ్ముతారు. బ్యాగును నిర్వాహకులు ఇస్తామంటే, ఏ అంకె చెబుతున్నారో అడగండి. మగవాళ్ళు కూడా కంఫర్ట్ అంకెనే నమ్ముకుంటే రాత్రి మేలుకోనక్కరలేదు.

కింద పరిచే ఫోము చాపను ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటి బరువుకు బ్యాగు అడుగుభాగం నలిగిపోయి, వెచ్చదనం నేలలోకి పోతుంది. నేలకూ మనకూ మధ్య ఆ చాప ఒక్కటే అడ్డు.

కాటన్ థర్మల్స్‌ను పెన్నాతీరం గారు మొత్తంగా వద్దన్నారు. నేను కొంచెం విభేదిస్తాను. వాటితో నడవకూడదు, నిజమే. కానీ రాత్రి పడుకునే ముందు వేసుకోవడానికి పొడిగా ఒక జత విడిగా దాచుకుంటే అవి చక్కగా పనికొస్తాయి. పగలు వేసుకున్న తడి బట్టలతో బ్యాగులో దూరడమే అసలు ప్రమాదం. ఇక ఆడవాళ్ళు, తేదీ ఉన్నా లేకపోయినా, నెలసరి సామాను, వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి జిప్పు సంచులు తప్పక పెట్టుకోవాలి. ఎత్తులో తేదీలు ముందుకూ వెనక్కూ జరగడం మా బృందంలో చూశాము.

పెన్నాతీరం
అల గారి సవరణను ఒప్పుకుంటాను, పడుకోవడానికి మాత్రమే అన్న షరతుతో.

ఒంగోలు_గిత్త
పడుకోవడానికైతే లుంగీ తీసుకువెళ్ళకూడదా?

మైపాడు_అల
తీసుకువెళ్ళండి. మైనస్ ఎనిమిదిలో ఒక రాత్రి కట్టుకుని, మర్నాడు ఇక్కడ వచ్చి రాయండి.

కనిగిరి_కళ్ళజోడు
నాకు పవరు ఉన్న అద్దాలు. మంచు కొండకు నల్ల కళ్ళద్దాలు తప్పనిసరా, లేక అదీ అలంకారమేనా?

గిద్దలూరు_ఘాట్
తప్పనిసరి. వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం చొప్పున అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది. కొత్తగా పడిన మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. టోపీ అంచు పైనుంచి వచ్చేదాన్ని ఆపుతుంది, కిందినుంచి వచ్చేదాన్ని ఆపలేదు. కళ్ళు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగరలాడి, ఆ రాత్రికి తెరవలేని స్థితి వస్తుంది. యూవీ 400 అని రాసి ఉండి, పక్కలు కూడా మూసి ఉండేవి కొనండి. మీలాంటి వారికి కళ్ళజోడు మీదుగా పెట్టుకునే పెద్ద గాగుల్స్ దొరుకుతాయి. పవరుతోనే నల్ల అద్దాలు చేయించుకుంటే ఇంకా మేలు. సన్‌స్క్రీన్‌ను గడ్డం కింద, ముక్కు అడుగున కూడా రాయాలి, అక్కడే ముందు కాలుతుంది.

ఇప్పుడు రెయిన్‌కోటు సంగతి. బండి రెయిన్‌కోటు చాలని నేను అంటాను. డిసెంబరులో అక్కడ వాన కంటే మంచు పడే అవకాశమే ఎక్కువ. మంచు దులిపితే పోతుంది.

పెన్నాతీరం
చాలదు. పీవీసీ కోటు లోపలి చెమట ఆవిరిని బయటికి పోనివ్వదు. వానకు తడవకుండా చెమటకు తడుస్తారు.

గిద్దలూరు_ఘాట్
వేలు పోసి కొన్న జాకెట్లు కూడా నిటారు ఎక్కుడులో లోపల తడుస్తూనే ఉంటాయి. చంకల కింద జిప్పు ఉన్నవి కొంత నయం, అంతే. శ్రీను గారు ఏడాదికొకసారి కూడా కొండలకు వెళ్తారో లేదో తెలియదు. ఒక్క ట్రెక్కింగు కోసం అంత డబ్బు ఎందుకు?

ఐస్_రూమ్_డ్యూటీ
మధ్యేమార్గంగా ఒకటి చెబుతాను. గాలిని ఆపే పలుచటి విండ్‌చీటరు నడకకు, తల మీదుగా దుప్పటిలాగా తొడుక్కునే పోంచో వానకు. పోంచో బ్యాగును కూడా కప్పుతుంది, కింద తెరిచి ఉంటుంది కాబట్టి ఆవిరి పోతుంది. గాలి ఎక్కువైతే మాత్రం గాలిపటం అవుతుంది, నడుముకు తాడు కట్టుకోవాలి. బ్యాగు లోపల మందపాటి పాలిథిన్ సంచి పెట్టి, అందులోనే బట్టలన్నీ సర్దండి. పైన వేసే కవరు ఒక్కదాన్నే నమ్మవద్దు.

పొదలకూరు_నిమ్మ
రొయ్యల మేత బస్తా మాత్రం వాడకండి. ఎలుగుబంటి వాసన పట్టుకుని గుడారం దాకా వస్తుంది.

కావలి_శ్రీను
ఏవి కొనాలి, ఏవి అద్దెకు తీసుకోవాలి అన్నది కూడా ఎవరైనా తేల్చండి. మా ఆఫీసులో అయితే, నెల్లూరోళ్ళకు మంచు ఎందుకు, మైపాడు బీచికి వెళ్ళిరండి అంటున్నారు.

ఉదయగిరి_మాస్టారు
ఆఫీసువాళ్ళకు మల్లి మస్తాన్‌బాబు పేరు చెప్పు. సంగం దగ్గర గాంధీ జనసంఘంలో పుట్టినవాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు, అంటార్కిటికాలోని విన్సన్ కూడా అందులో ఉంది. 2015లో ఆండీస్ పర్వతాల్లోనే ప్రాణాలు విడిచాడు. పెన్నా నీళ్ళు తాగినవాడు మంచుకు పనికిరాడని ఎవరూ అనలేరు.

గిద్దలూరు_ఘాట్
ఒంటికి అంటిపెట్టుకునేవి కొనండి: బూట్లు, మేజోళ్ళు, లోపలి బట్టలు, పలుచటి గ్లౌజులు, కళ్ళద్దాలు. డౌన్ జాకెట్టు, చేతికర్రలు, పెద్ద బ్యాగు అద్దెకు చాలు. సాంక్రిలోనే అద్దె దుకాణాలు ఉన్నాయి. బూటు కింద తొడిగే మైక్రోస్పైకులు, మంచు లోపలికి పోకుండా పిక్కలకు కట్టే గెయిటర్లు చాలామంది నిర్వాహకులే ఇస్తారు, ముందుగా అడగండి.

మైపాడు_అల
డిసెంబరు చివరి వారమంటే అక్కడ బాగా రద్దీగా ఉంటుంది. చివరి రోజున వెళ్తే మీ సైజు తప్ప అన్నీ ఉంటాయి. అద్దె జాకెట్టును చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఈకలన్నీ గడి అడుగుకు జారి, పైభాగం ఖాళీగా కనిపిస్తే అది వెచ్చదనం ఇవ్వదు. జిప్పును గ్లౌజు చేతితో మూడుసార్లు లాగి చూడండి. డౌన్ తడిస్తే అణగిపోయి పనికిరాదు కాబట్టి దాన్ని పాలిథిన్‌లోనే ఉంచాలి.

ఒంగోలు_గిత్త
ట్రంకు రోడ్డు పక్కన చలికాలంలో గుట్టలు పోసి అమ్మే స్వెట్టర్లను గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మంకీ టోపీని కూడా అవమానిస్తారా?

పెన్నాతీరం
మంకీ టోపీకి పూర్తి మద్దతు. చెవులు, మెడ, చెంపలు ఒకేసారి కప్పే వస్తువు అంత చవకలో మరొకటి లేదు. స్వెట్టరు నిజమైన ఉన్నిదైతే ఫ్లీసు బదులు వేసుకోవచ్చు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. కాకపోతే బరువు ఎక్కువ, ఆరడం ఆలస్యం. శ్రీను గారి రెండు స్వెట్టర్లలో ఒకటి తీసుకువెళ్తే ఫ్లీసు ఖర్చు తగ్గుతుంది.

కనిగిరి_కళ్ళజోడు
చిన్న ఆక్సిజన్ డబ్బాలు కూడా దుకాణంలో అంటగడుతున్నారు. అవి కావాలా?

పెన్నాతీరం
కొన్ని నిమిషాల్లో అయిపోయే డబ్బా అది. మంచి బట్టలు వేసుకున్నా, డబ్బా పట్టుకున్నా ఎత్తుకు వచ్చే జబ్బు ఆగదు. తలనొప్పి, వాంతులు ఎక్కువవుతుంటే కిందికి దిగడమే మందు. మాత్రల సంగతి బయలుదేరే ముందే డాక్టరును అడగండి.

కావలి_శ్రీను
ఇప్పటికి నిర్ణయించుకున్నవి ఇవి. బూట్లు, రెండు పాలిస్టరు ఫుల్‌హ్యాండ్ బనియన్లు, త్వరగా ఆరే రెండు ప్యాంట్లు, మేజోళ్ళు, కళ్ళద్దాలు, పోంచో, తలకు కట్టుకునే టార్చి కొంటాము. స్వెట్టరు, మంకీ టోపీ, కాటన్ థర్మల్స్ ఇంట్లోవే, థర్మల్స్ రాత్రికి మాత్రమే. జాకెట్టు, కర్రలు సాంక్రిలో ముందే ఫోను చేసి చెప్పి ఉంచుతాము. గ్లౌజుల విషయంలో సందేహం ఉంది. ఐస్ రూమ్ అన్నా, మీ ఫ్యాక్టరీకి వచ్చి ఒక పది నిమిషాలు పరీక్షించుకోవచ్చా?

ఐస్_రూమ్_డ్యూటీ
తమ్ముడూ, ఎగుమతి సరుకు ఉండే చోటు, బయటివాళ్ళను గడప దాటనివ్వరు. నా ఉద్యోగం పోతుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ పైగది కూడా ఇంచుమించు మైనస్ 18లోనే ఉంటుంది. నీళ్ళ సీసాను అందులో గంటసేపు పెట్టి, గ్లౌజులు తొడుక్కుని మూత తీయి. తీయలేకపోతే ఆ గ్లౌజులు కొండ మీద పనికిరావు, ఎందుకంటే ప్రతిసారీ వాటిని విప్పుతావు. పలుచటి జత లోపల, గాలి ఆపే మందపాటి జత పైన ఉండాలి. పైవాటికి దారం కట్టి మణికట్టుకు తగిలించుకో, గాలికి ఒకటి ఎగిరిపోయిందంటే రెండవది ఉన్నా లేనట్లే. సీసాను రాత్రి తలకిందులుగా పెట్టుకో. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు నీరుగానే ఉంటుంది. గొట్టంతో పీల్చుకునే నీళ్ళ సంచి మాత్రం వద్దు, ముందు గొట్టమే గడ్డకడుతుంది.

కావలి_శ్రీను
సీసా మూత వచ్చింది. టార్చిని కూడా అదే గదిలో రాత్రంతా వెలిగించి ఉంచాను. మామూలు సెల్స్‌తో అర్ధరాత్రికే మసకబారింది. మా అమ్మ పొద్దున్నే చేపలు తీయబోయి, ఫ్రిజ్‌లో వెలుగేమిటని కేక పెట్టింది.

ఐస్_రూమ్_డ్యూటీ
ఆల్కలైన్ సెల్స్ చలికి అంతే. లిథియం డబుల్ ఏ సెల్స్ కొను, అవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ఫోను, పవర్ బ్యాంకు రాత్రి స్లీపింగ్ బ్యాగులో నీ పక్కనే పెట్టుకో.

మైపాడు_అల
సెల్స్‌ను ఇక్కడే కొనండి శ్రీను గారూ, సాంక్రిలో దొరుకుతాయని వదిలేయవద్దు. బూట్లను మాత్రం బ్యాగులో సర్దకుండా కాళ్ళకే వేసుకుని రైలెక్కండి. సామాను ఎక్కడైనా తప్పిపోతే జాకెట్టు అద్దెకు దొరుకుతుంది గానీ, మీ పాదానికి అలవాటైన బూటు దొరకదు.

ఒంగోలు_గిత్త
రాత్రి పడుకునేటప్పుడు ఆ బూట్లు బెర్తు కింద వదలకుండా తల దగ్గర పెట్టుకోండి. కొత్తవి కదా.